ముందు ముద్ద, పిమ్మట మాట

(మచిలీపట్టణమున పొదుపు సంఘముల మహిళలు, అంగన్‌వాడీ కార్యకర్తలు, గ్రామ యువజనులు కూడిన సభలో ప్రచారాధికారి యొకరు చేసిన ప్రసంగ పాఠము)



బందరు పరిసర గ్రామముల నుండి, గుడివాడ వైపు నుండి, దివిసీమ నుండి మీరు ఇంటి పనులు, పొలము పనులు ఒకనాటికి విడిచి ఇచ్చటికి వచ్చితిరి. మీ సమయము విలువైనది గావున నేరుగా విషయమునకు వచ్చెదను. పప్పులు, చిరుధాన్యములు, ఆకుకూరలు మొదలగు మొక్కల నుండి వచ్చు ఆహారమును ప్రజలు ఇష్టపడి స్వీకరించునట్లు చెప్పుట ఎట్లు? ఇదియే నేటి ప్రశ్న. ఏమి తినవలెనో చెప్పుటకు వైద్యులు, శాస్త్రజ్ఞులు కలరు. వారు చెప్పిన మాటను వంటయింటి గడప దాటించుట మాత్రము మన పని. ఇరువది యేండ్లుగా ఈ పనిలో ఉన్నవాడను. ఇందులో నాకు తెలిసినదానిలో సగము నేను చేసిన తప్పుల వలన నేర్చుకొన్నదే.

మన డెల్టాకు అన్నపూర్ణ యని పేరు. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తియైన నాటి నుండి కృష్ణమ్మ నీరు మన చేలకు పారుచున్నది. తిండిగింజలకు కొదువ లేదు. అయినను 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశమున 15 మొదలు 49 ఏండ్ల వయస్సు గల స్త్రీలలో నూటికి 58.8 మందికి రక్తహీనత యున్నది. ఆరు నెలలు దాటి ఐదేండ్లు నిండని పిల్లలలో నూటికి 63.2 మందికి అదే బాధ. ఐదేండ్ల లోపు పిల్లలలో నూటికి 31.2 మంది వయస్సుకు తగిన ఎత్తు ఎదుగలేదు. రక్తహీనతకు కారణములు పెక్కు గలవు. పిల్లల ఎదుగుదలకు శుభ్రమైన నీరు, పారిశుద్ధ్యము కూడ కావలెను. కాని కంచములో అన్నము గుట్టగాను, పప్పు చారెడుగాను, కూర పేరుకు మాత్రముగాను ఉండుట వానిలో ముఖ్యమైనది. కడుపు నిండుట వేరు, ఒంటికి పట్టుట వేరు.

ఇది మనకు క్రొత్త సంగతి కాదు. ఒకప్పుడు ఉత్తర సర్కారులని పిలువబడిన మన తీరప్రాంతమున బెరిబెరి యను వ్యాధి ఉండెడిది. కాళ్ళు తిమ్మిరులెక్కి, నీరుపట్టి, గుండె నీరసించి మనుష్యులు పడిపోయెడివారు. బియ్యపు గింజ పైపొరలో నుండు బి-1 విటమిను లోపించుట దానికి కారణమని పిమ్మట తెలిసినది. 1918లో కూనూరులో రాబర్ట్ మెక్కారిసన్ అను వైద్యుడు ఈ వ్యాధిని గూర్చి చిన్న పరిశోధన విభాగమును ప్రారంభించెను. ఆ విభాగమే పెరిగి, 1958లో హైదరాబాదునకు తరలి, 1969 నుండి జాతీయ పోషకాహార సంస్థ యను పేర నడచుచున్నది. మన యింటి అన్నపు కుండలోని లోపమే ఒక గొప్ప సంస్థ పుట్టుకకు కారణములలో ఒకటి యయ్యెనన్నమాట.

దక్షిణమున తమిళులు, మలయాళీలు ఉప్పుడు బియ్యము తినెడివారు. వడ్లను ముందుగా ఉడికించి ఎండబెట్టుట చేత పైపొరలోని సారము గింజ లోపలికి దిగును. మరపట్టినను పూర్తిగా పోదు. అందుచేత వారిలో బెరిబెరి అరుదు. మనవారు పచ్చి వడ్లను మరపట్టించి తెల్లని బియ్యమును తినిరి. ఇంటనే రోకటితో దంచుకొన్నంత కాలము గింజపై కొంత తవుడు మిగిలెడిది. మిల్లులు వచ్చిన పిమ్మట అదియు పోయెను. బియ్యమును నాలుగు మారులు కడిగి, గంజి వార్చి, ఉన్నదానిలో మరికొంత పారబోసితిమి. తవుడును, కుడితియు గేదెకు. తెల్లని మెతుకు మనకు! గేదె నిగనిగలాడుచుండగా ఇంటి ఇల్లాలు పాలిపోయి యుండుట మన ఊళ్ళలో ఎవరు చూడలేదు?

శాస్త్రజ్ఞులు ఈ సంగతిని ఎన్నడో చెప్పిరి. దంపుడు బియ్యము తినుడు, ఉప్పుడు బియ్యము తినుడు అని కరపత్రములు వేసిరి. మనవారు తినలేదు. ఎందుచేత? ఉప్పుడు బియ్యమునకు వాసన యున్నదనిరి. ముతక బియ్యము కూలివాండ్ర తిండి యనిరి. పెండ్లి పంక్తిలో మల్లెపూవు వంటి అన్నము వడ్డించుట మర్యాద యనిరి. చెప్పిన మాట తప్పు కాదు. విన్నవారు తెలివిలేనివారును కారు. చెప్పినవారు విటమినును గూర్చి చెప్పిరి. విన్నవారు మర్యాదను గూర్చి ఆలోచించిరి. రెండును కలిసికొనలేదు. నేటి మన పనికి ఇదియే మొదటి పాఠము. తిండి యనగా పోషణ మాత్రమే కాదు. అది రుచి, అలవాటు, కులాచారము, పరువు. వీనిని లెక్కచేయని ప్రచారము గోడమీది కాగితముగనే మిగులును.

ఇక నా తప్పును చెప్పుకొనెదను. ఉద్యోగమున చేరిన క్రొత్తలో దివిసీమలో సముద్రపుటొడ్డున నొక మత్స్యకారుల పల్లెకు వెళ్ళితిని. చిత్రపటములు వ్రేలాడదీసి, పప్పుధాన్యములలో మాంసకృత్తులు ఎంత యున్నవో, చేపలను తగ్గించి వానిని తినుట వలన లాభమేమో గంటసేపు చెప్పితిని. అందరును మర్యాదగా వినిరి. చివరకు ఒక ముసలామె లేచి, "బాబూ, మీరు చెప్పిందంతా బాగానే ఉంది. మా చేపలు మేమే తినకపోతే ఇంకెవరు తింటారయ్యా? అది సరే, మీ ఇంట్లో రోజూ ఇవన్నీ తింటున్నారా?" అని అడిగినది. అందరును నవ్విరి. నేనును నవ్వితిని గాని, సమాధానము చెప్పలేకపోతిని. ఆనాటి ఉదయము నేను తిన్నది హోటలులో మైదాపిండి పూరీలు.

ఆ ప్రశ్నలో రెండు సత్యములున్నవి. మొదటిది: ఎవరి జీవనమునకు ఏది ఆధారమో దానిని తక్కువ చేసి మాట్లాడరాదు. చేప మంచి ఆహారము. దివిసీమలో దానిని మానుమని చెప్పుట అవివేకము. చేప దొరకని దినములలో, వేట నిషేధపు నెలలలో, చేపను అమ్ముకొని ఇంటికి ఏమియు మిగుల్చుకొనని దినములలో కంచమున ఏమి యుండవలెనో చెప్పినచో అది వారికి పనికివచ్చును. అట్టి కంచమునకు దారి వారి వంటలోనే కలదు. చింతచిగురుతో రొయ్యలు, గోంగూరతో రొయ్యలు వండు చేతులకు ఆకుకూర క్రొత్త కాదు. ఉన్నదానికి మరికొంత చేర్చుమనుట వేరు, ఉన్నదానిని విడువుమనుట వేరు. రెండవది: చెప్పువాడు తిననిదానిని వినువాడు తినడు.

మన చేలలో ఏమున్నదో ఇప్పుడు చూతము. వరి కోతకు రెండు మూడు దినములు ముందుగా, చేలో పదను ఉండగనే మినుములు చల్లుట మన రైతులు అనాదిగా ఎరిగిన విద్య. మాగాణి మినుముకు దుక్కి అక్కరలేదు. వేరుగ నీరు పెట్టనక్కరలేదు. వరి విడిచిన తడితోను, మంచుతోను పెరిగి, వేసవి ముదురకముందే చేతికి వచ్చును. నేలకు నత్రజనిని ఇచ్చిపోవును. ఘంటసాలలోని వ్యవసాయ పరిశోధనా స్థానము ఈ మాగాణి అపరాల మీదనే కృషి చేయుచున్నది. ఇట్లు పండిన మినుములు, పెసలు బస్తాలకెత్తి అమ్ముచున్నాము. అమ్ముకొనుట తప్పు కాదు. ఇంటికి ఎన్ని కుంచములు మిగుల్చుకొనుచున్నాము అనునదే ప్రశ్న.

నూరు గ్రాముల బియ్యములో మాంసకృత్తులు సుమారు ఏడెనిమిది గ్రాములు. నూరు గ్రాముల మినుములలో ఇరువది మూడు, ఇరువది నాలుగు గ్రాములు. అంతకంటె గొప్ప విషయ మొకటి కలదు. బియ్యపు మాంసకృత్తులలో లైసిన్ అను అంశము తక్కువ. పప్పులో అది సమృద్ధి. పప్పులో తక్కువైన మరియొక అంశము బియ్యములో కలదు. రెండును కలిసినపుడు ఒకదాని లోటును మరియొకటి పూడ్చును. మన ఇడ్లీ, దోసె, పులగము, పప్పన్నము ఈ శాస్త్రమును పేరు తెలియకనే పాటించుచున్నవి. 2024లో జాతీయ పోషకాహార సంస్థ ప్రకటించిన మార్గదర్శకములలో దినమునకు కావలసిన శక్తిలో ధాన్యముల వంతు నూటికి 45కు మించరాదని చెప్పిరి. పప్పులు లేదా గ్రుడ్లు, మాంసము 85 గ్రాముల వరకు ఉండవలెననిరి. ఈ అంకెలను పల్లెలో వల్లించుట నిష్ప్రయోజనము. "వదినా, అన్నం ఒక గరిటె తగ్గించి పప్పు ఒక గరిటె పెంచు" అని చెప్పినచో చాలును.

చెప్పు విధమును గూర్చి నాకు తోచిన సూత్రములు కొన్ని మీ ముందుంచెదను.

క్రొత్త వస్తువును పాత వంటలో పెట్టవలెను. 1965, 66 సంవత్సరముల కరవులో విదేశముల నుండి ఓడలలో గోధుమలు వచ్చెను. వరియన్నము తిను ప్రాంతములవారికి అది ఏమి చేసికొనవలెనో మొదట తోచలేదు. నేడు గోధుమరవ్వ ఉప్మా ఎరుగని ఇల్లు లేదు. సోయాగింజల నుండి నూనె తీసిన పిమ్మట మిగిలిన పిండితో చేయు ముద్దలను మనవారు మీల్‌మేకరు అని పిలుచుచున్నారు. సోయా యని చెప్పిన ముఖము చిట్లించువారు సైతము మీల్‌మేకరు కూరను పెండ్లి విందులలో మసాలాతో అడిగి వేయించుకొనుచున్నారు. ఉపన్యాసము చేత ఇది జరుగలేదు. మసాలా తెలిసినది, కూర తెలిసినది, ముక్క మాత్రమే క్రొత్తది.

రెండవ సూత్రము: ముందు ముద్ద, పిమ్మట మాట. ఇందుకు వర్తకులు మనకంటె నేర్పరులు. 1937లో మన దేశమున డాల్డా వచ్చినపుడు నేతికి అలవాటుపడిన జనులు దానిని నమ్మలేదు. కంపెనీవారు డబ్బా ఆకారము గల బండ్లు కట్టి వీధులలో త్రిప్పిరి. ప్రజల యెదుట వంట చేయించి రుచి చూపించిరి. కొలది కాలమునకే డాల్డా యను మాట వనస్పతికి మారుపేరయ్యెను. వారి నేర్పును మనము గ్రహింపవచ్చును. కాని ఈ కథకు రెండవ భాగము కూడ కలదు. వనస్పతిలో నుండు ట్రాన్స్ క్రొవ్వులు గుండెకు చేటు చేయునని తరువాత శాస్త్రము తేల్చెను. 2022 జనవరి నుండి నూనెలలో, క్రొవ్వులలో అవి నూటికి రెండు వంతులకు మించరాదని మన దేశపు ఆహార ప్రమాణముల సంస్థ నియమించినది. కావున మొక్క నుండి వచ్చినదంతయు మంచిదే యని మనము చెప్పరాదు. ఒప్పించు నేర్పు కత్తి వంటిది. సత్యము దాని పిడి.

మూడవ సూత్రము: పరువును ఎదిరింపరాదు, దానిని మన వైపునకు త్రిప్పుకొనవలెను. రాగి సంకటి, జొన్న రొట్టె పేదవాని తిండి యని మన డెల్టాలో చిన్నచూపు. నూరు గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియము కలదు. అంతే తూకము ఆవుపాలలో సుమారు 120. అయినను అంకె పరువును గెలువలేదు. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యముల సంవత్సరముగా ప్రకటించినది. ఆ యేడు మార్చి నెలలో మన రాష్ట్ర పాఠశాలలలో పిల్లలకు బెల్లముతో రాగిజావ ఇచ్చుట ప్రారంభించిరి. బడిలో తోటిపిల్లలందరును త్రాగుదురు గావున అది పేదతనపు గుర్తు గాక బడి తిండి యయ్యెను. పిల్లవాడు ఇంటికి వచ్చి "అమ్మా, మనింట్లో కూడా చెయ్యవే" అని అడిగిన దినమున మన ప్రచారము ముగిసినట్లే. బందరు లడ్డును చూడుడు. శనగపిండి, బెల్లము, నెయ్యి, రోటిలో దంచు ఓర్పు. ఇవియే దాని సరకులు. 2017లో దానికి భౌగోళిక గుర్తింపు లభించినది. అది తీపి వంట గావున మితముగ తినవలసినదే. కాని శనగపిండికి ఊరి పేరు తోడై ఎంత గౌరవము వచ్చినదో చూడుడు. మీ ఊరి మినప సున్నుండకు, మీ ఇంటి పెసరట్టుకు ఆ గౌరవమును మీరే తేగలరు.

నాల్గవ సూత్రము అపోహలను గూర్చినది. 2021 ఆగష్టు 15న ప్రకటించిన తరువాత చౌకధరల దుకాణములకు, బడులకు, అంగన్‌వాడీలకు బలవర్ధకమైన బియ్యమును దశలవారీగా పంపిరి. బియ్యపు పిండిలో ఇనుము, ఫోలిక్ ఆమ్లము, బి-12 కలిపి, మరల గింజలుగా ఒత్తి, నూటికి ఒక పాలు చొప్పున సామాన్య బియ్యములో కలిపిరి. ఆ గింజలు రంగులో కొంచెము తేడాగ నుండెను. కొన్ని నీటిలో తేలెను. ప్లాస్టిక్ బియ్యమని పుకారు పుట్టినది. గుడివాడ ప్రాంతమున నొక గ్రామములో స్త్రీలు ఆ గింజలను ఏరి పారవేయుచుండిరి. పుకారులు నమ్మవద్దని మైకులో చెప్పించితిని. మరునాడు ఇంకను ఎక్కువమంది ఏరి పారవేసిరి! "ఏమీ లేకపోతే మైకులో ఎందుకు చెప్తారమ్మా?" అని వారి తర్కము. అప్పుడొక అంగన్‌వాడీ కార్యకర్త ఆ గింజలనే ఏరి, అందరి యెదుట చిన్న గిన్నెలో ఉడికించి, మెతుకును వ్రేళ్ళతో నలిపి చూపి, తాను తిని, తన బిడ్డకు పెట్టినది. ప్లాస్టిక్ ఉడుకదు, నలుగదు. పది నిమిషములలో ఆ వీధిలో పుకారు చల్లారెను. తప్పు ఆ స్త్రీలది కాదు. బిడ్డల కంచములో పడు గింజను పరీక్షించు తల్లి మంచి తల్లి. బస్తా వచ్చుటకు ముందే మాట రావలసియుండెను, రాలేదు. ఆ లోపము నాది.

ఐదవ సూత్రము: ఎవరితో మాట్లాడవలెనో తెలియవలెను. సంతలో సరుకు కొనునది ఒకరు, పొయ్యి దగ్గర నిర్ణయించునది ఒకరు, వండునది ఒకరు, ముందు తినునది ఒకరు, చివర మిగిలినది తినునది ఒకరు. క్రొత్త కోడలికి మాత్రమే చెప్పి వచ్చినచో, ఆమె అత్తగారి యెదుట ఏమి చేయగలదు? అత్తగారిని పీటవేసి కూర్చుండబెట్టి, "అత్తయ్యగారూ, మీ కాలంలో సున్నుండలు ఎట్లా చేసేవారు?" అని అడుగుడు. ఆమె చెప్పుచుండగా మీరు చెప్పదలచిన దానిలో ముప్పాతిక భాగము ఆమె నోటనే వచ్చును. పురుషులను రచ్చబండ దగ్గర, వడ్ల కాటాల దగ్గర కలియుడు. మినుములు బస్తాకెత్తునది వారు గదా! చివరి పంక్తిలో తిను ఇల్లాలికి గిన్నె అడుగున పప్పు మిగులునట్లు చూడుమని వారికే చెప్పవలెను.

మీరు ఇంటింట చెప్పదగిన మాటలు కొన్ని ఉన్నవి. బియ్యమును ఎక్కువ మారులు కడుగవద్దు. గంజి వార్చక అత్తెసరు పెట్టుడు. దంపుడు బియ్యము గాని, తక్కువ పాలిషు పట్టిన బియ్యము గాని వారమునకు రెండు దినములతో మొదలుపెట్టుడు. పెసలు నానబెట్టి మొలకెత్తించుడు. పప్పులో తోటకూర, గోంగూర, మునగాకు ఏదో ఒకటి వేయుడు. ఆకుకూరలలోని ఇనుము ఒంటికి పట్టుటకు నిమ్మకాయ పిండుడు, లేదా జామకాయ తినుడు; అన్నము తిన్న వెంటనే టీ త్రాగవద్దు. మొక్కల ఆహారములో బి-12 లేదు గావున మాంసము ముట్టని ఇండ్లలో పాలు, పెరుగు తప్పక యుండవలెను. అవియు తీసికొననివారు వైద్యుని సలహా అడుగవలెను. రక్తహీనత ఎక్కువగా నున్నవారికి ఆహారము మాత్రమే చాలదు; వైద్యులు ఇచ్చు ఇనుము మాత్రలు మానరాదు. ఇది దాచి, పప్పు తినిన సర్వము నయమగునని చెప్పువాడు ప్రజలకు మేలు చేసినవాడు కాడు.

ఒక్క దినములో ఎవరి కంచమును మారదు. ఒక వీధిలో ఒక ఇల్లు, ఒక ఇంట వారమునకు రెండు పూటలు. ఇంతమాత్రము సాధించి, వచ్చే నెల అదే ఇంటికి మరల వెళ్ళి, "ఎట్లా ఉందమ్మా? పిల్లలు తిన్నారా?" అని అడుగుడు. తినలేదన్నచో ఎందుచేతనో వినుడు. ఉప్పు చాలలేదేమో, ఉడుకుటకు గ్యాసు ఎక్కువైనదేమో, పిల్లవానికి కడుపు ఉబ్బరించినదేమో. నానబెట్టుట మరచిన పప్పు వలన ఇవి జరుగును. వినని ప్రచారకుడు లౌడుస్పీకరు వంటివాడు. దానికి నోరున్నది గాని చెవి లేదు.

దివిసీమలో ఆ ముసలామె అడిగిన ప్రశ్నకు చాలా యేండ్లకు గాని నాకు సమాధానము దొరకలేదు. కొన్ని సంవత్సరముల పిమ్మట అదే పల్లెకు మరల వెళ్ళితిని. ఈ మారు చిత్రపటములు లేవు. మా ఇంట వండిన మినపరొట్టెయు, గోంగూర పప్పును డబ్బాలో తీసికొనిపోతిని. ఆమె లేదు, ఆమె కోడలు ఉన్నది. కొంచెము రుచి చూచి, "ఉప్పు తక్కువైందండీ" అని, లోపలికి పోయి, తాను వండిన చేపల పులుసు తెచ్చి నా ప్రక్కన పెట్టినది. రెండును కలిపి అందరమును తింటిమి. ఆనాడు నేను ఏమియు ఉపన్యసింపలేదు. వచ్చునపుడు ఆమె, "ఈ రొట్టెకి మినప్పప్పు ఎంతసేపు నానబెట్టాలండీ?" అని మాత్రము అడిగినది.

మీ ఊళ్ళలో ఎవరైనను మిమ్ము అట్టి ప్రశ్న అడిగిన దినమున ఈ సభ సఫలమైనట్లు నేను భావింతును. ఈ సభ ముగిసిన వెంటనే ప్రక్క గదిలో పొదుపు సంఘమువారు పెసరట్లు వేయుచున్నారు. ముందు వానిని రుచి చూడుడు. తరువాత నన్ను ఏమి అడిగినను చెప్పెదను.